అయ్యవారిని అడగండి: టవల్ చౌకైంది, మిల్లు మూతపడింది

ప్రశ్న: సార్, నేను 1997లో మీ దగ్గర బి.ఏ. ఎకనామిక్స్ చదివాను. ఇప్పుడు గాంధీ రోడ్డులో చిన్న బట్టల షాపు నడుపుకుంటున్నాను. మా అబ్బాయి అమెరికాలో, నార్త్ కరోలినాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. వాడి పక్కింటాయనకు డెబ్భై ఏళ్ళుంటాయట. "ఫ్రీ ట్రేడ్ మా ఊరిని తినేసింది, మా పనులన్నీ మీ దేశాలకు పోయాయి" అని ఒకరోజు మాటల్లో అన్నాడట. కోపంగా కూడా కాదు, వాన రాలేదన్నట్టుగా. ఏం బదులివ్వాలో తెలియక వీడు నాకు ఫోన్ చేశాడు. స్వేచ్ఛా వ్యాపారం వల్ల రెండు దేశాలకూ లాభమేనని మీరు బోర్డు మీద లెక్క వేసి చూపించారు, నాకింకా గుర్తుంది. ఆయన చెప్పేది అబద్ధమా, మీరు చెప్పింది అబద్ధమా? ఏమీ అనుకోకండి సార్.
– ఒక పాఠకురాలు, భవానీనగర్, తిరుపతి

జవాబు: ఏమీ అనుకోనమ్మా. ఈ ప్రశ్న నువ్వు 1997లోనే అడిగి ఉంటే నాకే మేలు జరిగేది.

ఆ లెక్క ఇంగ్లండు ఆర్థికవేత్త డేవిడ్ రికార్డోది. 1817 నాటిది. ఇంగ్లండు బట్ట నేయాలి, పోర్చుగల్ ద్రాక్షసారా చేయాలి, ఇద్దరూ మార్చుకుంటే ఇద్దరికీ మునుపటికంటే ఎక్కువ దక్కుతుంది. నాలుగు అంకెలు, నాలుగు గడులు. ముప్ఫై ఏళ్ళు అదే చెప్పాను. పరీక్షలో తప్పకుండా వచ్చేది కాబట్టి మీరూ శ్రద్ధగా రాసుకునేవాళ్ళు. లెక్కలో తప్పేమీ లేదు. అయితే నేను గబగబా దాటేసిన వాక్యం ఒకటుంది: పోర్చుగల్‌లో బట్ట నేసేవాడు మగ్గం వదిలేసి ద్రాక్షతోటలో పనికి పోతాడు. ఎప్పుడు పోతాడు? నలభై ఎనిమిదేళ్ళ మనిషిని తోటలో ఎవరు పెట్టుకుంటారు? పోయేదాకా ఇంటి అప్పు ఎవరు కడతారు? ఆ నాలుగు గడుల్లో దీనికి చోటు లేదు.

నన్ను ఆ వాక్యం దగ్గర ఆపింది మా అన్న. పలమనేరు, బంగారుపాళెం మధ్య మాకు రెండెకరాల మల్బరీ తోట ఉండేది. 2011 కేంద్ర బడ్జెట్‌లో ముడిపట్టు మీద దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. చైనా పట్టు చౌకగా దిగింది. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గాలున్న నా శిష్యుడొకడు ఫోన్ చేసి, "సార్, నూలు ధర దిగింది, ఇప్పుడు కొంచెం ఊపిరాడుతోంది" అని సంబరపడ్డాడు. అదే వేసవిలో మా అన్న పట్టుపురుగులు గూళ్ళు అల్లుకునే చంద్రికల నుంచి ఆ గూళ్ళు విడిపించి మార్కెట్టుకు తీసుకుపోతే, అంతకుముందు పంటకు వచ్చిన ధరలో సగం పలికింది. పలమనేరు నుంచి మదనపల్లెకు పోవాలంటే మధ్యలో పుంగనూరు దాటితే చాలు. ఒకే సుంకం, అప్పట్లో ఒకే జిల్లా. అక్కడ మగ్గం ఆడింది, ఇక్కడ మా వదిన పురుగుల షెడ్డుకు తాళం వేసింది. "ఒరేయ్, నువ్వు కాలేజీలో చెప్పే పాఠంలో నేనెక్కడున్నానురా?" అని అడిగాడు అన్న. నా దగ్గర జవాబు లేదు. రెండేళ్ళ తర్వాత సుంకాన్ని మళ్ళీ 15 శాతానికి పెంచారు. అప్పటికే తోట పెరికేశాం.

ఇక అమెరికా సంగతి. మా అమ్మాయి పురిటికని 2016లో నేనూ మా ఆవిడా నార్త్ కరోలినాలోని షార్లెట్ వెళ్ళి ఆరు నెలలున్నాం. అక్కడికి అరగంట, ముప్పావుగంట దూరంలో కన్నాపొలిస్ అనే ఊరుంది. కానన్ అనే బట్టల కంపెనీ కట్టుకున్న ఊరు. దుప్పట్లు, టవల్స్ నేసేవాళ్ళు. ఒకప్పుడు కార్మికులుండే ఇళ్ళు కూడా కంపెనీవే. తాత మిల్లులో, కొడుకు మిల్లులో, మనవరాలు అదే మిల్లులో కుట్టుమిషన్ దగ్గర. చేతులు మారి మారి చివరికది పిలోటెక్స్ అనే కంపెనీ కిందికి వచ్చింది. 2003 జులై 30న ఆ కంపెనీ అన్ని మిల్లులూ మూసేసింది. 6 వేల మందికి పైగా రోడ్డున పడ్డారు, ఎక్కువమంది ఆ చుట్టుపక్కల వాళ్ళే. నార్త్ కరోలినాలో ఒక్కసారిగా అంతమంది పని పోవడం అంతకుముందు ఎప్పుడూ లేదు.

నేరమంతా దిగుమతులదే అంటే అన్యాయం. వేరే కంపెనీలను కొనడానికి తెచ్చిన అప్పులు మెడకు చుట్టుకుని, ఆ కంపెనీ 2000లోనే ఒకసారి దివాలాకు వెళ్ళింది. అప్పుల్లో ఉన్నవాడి ఎదురుగా ఆసియా సరుకు సగం ధరకు వచ్చి కూర్చుంటే ఎంతకాలం నిలుస్తాడు?

నేను వెళ్ళేసరికి మిల్లు లేదు. పడగొట్టేసి, ఆ స్థలంలో పెద్ద పెద్ద స్తంభాలతో పరిశోధనా కేంద్రం కట్టారు. లోపల సైంటిస్టులు పండ్లు, కూరగాయల్లోని పోషకాల మీద పని చేస్తున్నారు. మంచిదే. కాని మిల్లులో పని పోయినవాళ్ళలో చాలామంది హైస్కూలు కూడా పూర్తి చేయనివాళ్ళు. యాభై ఏళ్ళ కుట్టుపనామె ఆ భవనంలోకి ఏ పనికి పోతుంది? తిరుగు ప్రయాణానికి ముందు మా ఆవిడ చుట్టాలకు ఇద్దామని షార్లెట్‌లో అరడజను టవల్స్ కొంది. మెత్తగా ఉన్నాయి, చౌక కూడా. తిరుపతికి వచ్చి విప్పితే అంచున 'మేడ్ ఇన్ ఇండియా' అని ఉంది. చుట్టాలకు ఇవ్వలేదు, మేమే వాడుకున్నాం.

మీ అబ్బాయి పక్కింటాయన మాటకు ఇప్పుడు పెద్ద చదువుల ఆధారం కూడా ఉంది. చైనా 2001 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. చైనా నుంచి ముంచెత్తిన సరుకు అమెరికాలో ఏ ఊరిని ఎంత తాకిందో డేవిడ్ ఆటర్, డేవిడ్ డార్న్, గోర్డన్ హాన్సన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఊరి లెక్కన తీసి 2013లో అచ్చువేశారు. 1999 నుంచి 2011 దాకా చైనా పోటీ వల్ల 20 లక్షల నుంచి 24 లక్షల దాకా ఉద్యోగాలు పోయాయని తర్వాత మరికొందరితో కలిసి లెక్కగట్టారు. అంత పెద్ద దేశానికి ఆ అంకె మరీ పెద్దదేమీ కాదు. నన్ను కదిలించింది ఇంకో సంగతి. పని పోయిన ఊళ్ళ నుంచి జనం కదలలేదు. అమెరికావాడంటే సామాను ట్రక్కుకెక్కించి ఎక్కడ పని ఉంటే అక్కడికి పోతాడని మనం అనుకుంటాం, వాళ్ళ ఆర్థికవేత్తలూ అలాగే అనుకున్నారు. తల్లి ఉన్న ఊరు, కొనేవాడు దొరకని ఇల్లు, ఆదివారం వెళ్ళే చర్చి, ఇవన్నీ వదిలి పోలేదు. జీతాలు పడిపోయాయి, పని చేయలేమంటూ ప్రభుత్వ వికలాంగుల భత్యానికి వెళ్ళినవాళ్ళు పెరిగారు. మా అన్న కూడా పలమనేరు వదిలి ఎక్కడికీ పోలేదు కదా.

ఇంతా చెప్పి, లాభం వైపు చెప్పకపోతే నా పాత పాఠానికి ద్రోహం చేసినట్టు. అమెరికాలో 1995లో కంటే 2015లో బట్టల ధరల సూచీ తక్కువ. ఇరవై ఏళ్ళలో అన్నీ పెరిగి బట్టలు తగ్గడమంటే, బడికి పోయే ముగ్గురు పిల్లలున్న వెయిట్రెస్‌కు అది చిన్న విషయం కాదు. ఉద్యోగాలూ వచ్చాయి. షార్లెట్ నుంచి గంటన్నర పోతే సౌత్ కరోలినాలో స్పార్టన్‌బర్గ్ దగ్గర బీఎండబ్ల్యూ కార్ల ఫ్యాక్టరీ ఉంది. 1994 నుంచి అక్కడ కార్లు తయారవుతున్నాయి, 10 వేల మందికి పైగా పని చేస్తున్నారు. అందులో తయారైన కార్లలో ఎన్నో విదేశాలకు పోతాయి. అదీ ఒకప్పటి బట్టల మిల్లుల ప్రాంతమే. విదేశీ వ్యాపారమే ఒక గేటు మూసి, ఇంకో గేటు తెరిచింది. కాకపోతే రెండో గేటు దగ్గర అడిగే చదువు వేరు, వయసు వేరు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2000లో అమెరికా ఫ్యాక్టరీల్లో సుమారు 1 కోటి 70 లక్షల మంది ఉండేవారు, 2010 నాటికి 1 కోటి 15 లక్షలకు దిగారు. ఇదంతా దిగుమతుల ఖాతాలో రాయకూడదు. యంత్రాలు కొంత తిన్నాయి, 2008 సంక్షోభం కొంత తిన్నది. మెక్సికో, కెనడాలతో నాఫ్టా అనే స్వేచ్ఛా వ్యాపార ఒప్పందం 1994లోనే అమలైనా, ఫ్యాక్టరీ ఉద్యోగాల మొత్తం అంకె 2000 దాకా పెద్దగా తగ్గలేదు. ఒప్పందానికి బలైన ఊళ్ళు లేవని కాదు, ఉన్నాయి.

నా మనసులో మాట చెబుతాను. తలుపు తీసినందుకు నేను అమెరికాను తప్పుపట్టను. తీశాక గుమ్మం దగ్గర తొక్కిసలాటలో పడ్డవాళ్ళను లేపనందుకు తప్పుపడతాను. లాభం 30 కోట్ల మందికి తలా కొంచెం పంచింది. టవల్ మీద రెండు డాలర్లు తగ్గినందుకు ఎవరూ ఊరేగింపు తీయరు. నష్టమంతా కొన్ని ఊళ్ళ నెత్తిన కుప్పపోసింది. ఇలాంటివాళ్ళను ఆదుకోవాలనే కెనెడీ కాలంలో, 1962లో ఒక పథకం పెట్టారు. దిగుమతుల వల్ల పని పోతే భృతి, కొత్త పని నేర్చుకోవడానికి ఖర్చు. తగిలిన దెబ్బ ముందు అది ఏ మూలకూ చాలలేదు. 2022లో గడువు పొడిగించక కొత్త దరఖాస్తులకు ఆ తలుపూ మూశారు.

మీ అబ్బాయిని ఆయనతో వాదనకు దిగొద్దను. రికార్డోను అసలు తేవద్దను. "మీరు ఏ మిల్లులో చేసేవాళ్ళు?" అని అడిగి కూర్చుని వినమను.

ప్రశ్న: అయ్యవారూ, ట్రంప్ సుంకాలు వేస్తే పోయిన ఉద్యోగాలు తిరిగి వస్తాయా? సూటిగా చెప్పండి.
– ఒక పాఠకుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: కొన్ని వస్తాయి, బంగారం ధరకు. 2018లో బయటి నుంచి వచ్చే వాషింగ్ మెషీన్ల మీద సుంకం వేశారు. సుమారు 1,800 ఉద్యోగాలు అమెరికాలో వచ్చాయి, నిజమే. మెషీన్ ధర దాదాపు 12 శాతం పెరిగింది. తమాషా ఏమిటంటే బట్టలారబెట్టే డ్రైయర్ మీద సుంకమే లేదు, దాని ధర కూడా పెరిగింది. రెండూ జతగా కొంటారు కదా, షాపువాడికి ఇంకేం కావాలి! జనం ఎక్కువగా కట్టిన డబ్బును ఆ ఉద్యోగాలతో భాగిస్తే, ఒక్కో ఉద్యోగానికి ఏడాదికి 8 లక్షల డాలర్లకు పైగా పడిందని ఆర్థికవేత్తలు తేల్చారు. అందులో పదో వంతు చేతికిచ్చినా ఆ కార్మికుడు ఇంట్లో కాలు మీద కాలేసుకుని కూర్చునేవాడు.

అదే ఏడాది చైనా బదులుగా అమెరికా సోయా మీద 25 శాతం సుంకం వేస్తే, వాళ్ళ రైతులను ఆదుకోవడానికి ప్రభుత్వం రెండేళ్ళలో వేల కోట్ల డాలర్ల సాయం ప్రకటించాల్సి వచ్చింది. 2025 ఆగస్టులో మన సరుకుల్లో చాలావాటి మీద సుంకం మొత్తం 50 శాతానికి చేరింది, టవల్స్ మీద కూడా. కన్నాపొలిస్‌లో మళ్ళీ మగ్గాలు ఆడించడానికి అక్కడ మిల్లేదీ?

ప్రశ్న: అమెరికా కథ సరే. 2025 జూన్‌లో కర్ణాటక తోతాపురి మామిడి మన జిల్లాలోకి రాకుండా ఆపారు. మాలాంటి రైతులకు అది మంచిదే కదా? మీరు దాన్ని కూడా తప్పంటారా?
– ఒక మామిడి రైతు, బంగారుపాళెం

జవాబు: మీకు కోపం వచ్చినా సరే, అంటాను. కిలో తోతాపురికి మూడు, నాలుగు రూపాయలు కూడా పలకక, కోత కూలి, బాడుగ రాక కాయలు రోడ్డు పక్కన పారబోసిన సీజన్ అది. కలెక్టర్ ఉత్తర్వు వచ్చినప్పుడు మా ఇంట్లోనే సంతోషించినవాళ్ళున్నారు. కాని కర్ణాటకలోని శ్రీనివాసపురం రైతు ఏళ్ళ తరబడి మన పల్ప్ ఫ్యాక్టరీలను నమ్ముకుని చెట్లు పెంచాడు. అతను మీ పక్కింటివాడే, మధ్యలో ఒక చెక్‌పోస్టు అంతే. వాళ్ళ ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మన ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుకు లేఖ రాశారు. రేపు వాళ్ళు మన టమోటా బండ్లను కోలారు దాటనివ్వకపోతే మదనపల్లె యార్డులో ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

అదే సీజన్‌లో ఇంకో పని కూడా జరిగింది. ఫ్యాక్టరీ 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి రైతుకు కిలోకు 12 రూపాయలు దక్కాలి అన్నారు. ఎవరి బండినీ ఆపకుండా, పడ్డవాడిని ఖజానా సొమ్ముతో లేపడం. ఈ రెండో పనికి నా ఓటు. ఫ్యాక్టరీల దగ్గర ఆ 8 రూపాయల కోసం రైతులు పడ్డ పాట్లు వేరే కథ, అది మీకే బాగా తెలుసు.

మా అన్న నాతో ఒప్పుకోడు. 2012లో మల్బరీ పెరికిన ఆ రెండెకరాల్లో ఆయన పెట్టింది తోతాపురి మొక్కలే. ఆ 4 రూపాయల లెక్కన డబ్బు అకౌంట్‌లో పడ్డ సాయంత్రం నాకు ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఈసారి మీ పాఠంలో నాకు ఒక మూల చోటిచ్చినట్టున్నారే" అన్నాడు.