హెచ్‌బీఏ1సీ 5.4, పరగడుపు షుగర్ 155.. ఏది నమ్మాలి?

ప్రశ్న: నా వయసు 46. ఇంట్లో గ్లూకోమీటర్‌తో చూస్తే పరగడుపున షుగర్ 150-160 ఉంటోంది. ల్యాబ్‌లో హెచ్‌బీఏ1సీ మాత్రం 5.4 వచ్చింది. హిమోగ్లోబిన్ 9.8. కళ్లు కాస్త పచ్చబడ్డాయని ఇంట్లోవాళ్లు అంటున్నారు. ఎర్ర రక్తకణాలు త్వరగా చనిపోతే ఇలా అవుతుందట. నిజమేనా? అసలు అవి ఎందుకు చనిపోతాయి?
- ఓ పాఠకుడు

జవాబు: నిజమే. హెచ్‌బీఏ1సీ అంటే హిమోగ్లోబిన్‌కు ఎంత గ్లూకోజ్ అంటుకుందో చూసి, గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను అంచనా వేసే పరీక్ష. అది 5.4 అంటే మీ సగటు షుగర్ 108 దగ్గర ఉండాలి. పరగడుపునే 150 దాటేవారికి అది పొసగదు.

ఎర్ర రక్తకణం మూలుగలో తయారవుతున్నప్పుడే కేంద్రకాన్ని వదిలేస్తుంది. రక్తంలోకి వచ్చిన ఒకటి రెండు రోజుల్లో శక్తినిచ్చే మైటోకాండ్రియా, ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములు కూడా పోతాయి. అందువల్ల హిమోగ్లోబిన్‌కు చోటు దొరుకుతుంది కానీ, పాడైన ప్రొటీన్‌ను మళ్లీ తయారుచేసుకునే వీలుండదు. పుట్టినప్పుడున్న ఎంజైములతోనే దాదాపు 120 రోజులు నెట్టుకురావాలి. ఈలోగా పైపొర కొద్దికొద్దిగా ఊడిపోయి కణం బిగుసుకుపోతుంది. కణం వెడల్పు ఏడెనిమిది మైక్రాన్లు. ప్లీహంలో అది దూరాల్సిన సందులు ఒకటి రెండు మైక్రాన్లే! మెత్తనిది మడతపడి జారుకుంటుంది, బిగుసుకున్నది ఇరుక్కుంటుంది. మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాలు దాన్ని మింగి, హిమోగ్లోబిన్‌లోని హీమ్ అనే భాగం నుంచి ఇనుమును తిరిగి వాడకానికి పంపుతాయి. మిగిలిన హీమ్ బిలిరుబిన్ అనే పసుపు పదార్థంగా మారుతుంది. కణాలు మరీ ఎక్కువగా పగిలితే కళ్లు పచ్చబడేది దీనివల్లే.

హిమోగ్లోబిన్‌కు గ్లూకోజ్ నెమ్మదిగా అంటుకుంటుంది. కణం నెలకే పోతే అంటుకునే వ్యవధి ఉండదు, హెచ్‌బీఏ1సీ తక్కువ చూపిస్తుంది. ఈమధ్య రక్తం ఎక్కించుకున్నా, ఐరన్ లేదా బీ12 మందులు మొదలుపెట్టి కొత్త కణాలు పెరుగుతున్నా ఆ అంకె నమ్మదగ్గది కాదు. ఐరన్ లోపంలో మాత్రం లేనిపోని షుగర్ ఉన్నట్టు చూపించవచ్చు.

అలాగని మీ గ్లూకోమీటర్‌నూ పూర్తిగా నమ్మలేం. హిమోగ్లోబిన్ తగ్గి రక్తం పలచగా ఉంటే స్ట్రిప్ కొంత ఎక్కువ చూపిస్తుంది. ఎనిమిది గంటలు ఏమీ తినకుండా ల్యాబ్‌లో చేతి సిర నుంచి రక్తం ఇచ్చి పరీక్ష చేయించుకోండి. వేర్వేరు రోజుల్లో రెండుసార్లు 126 లేదా అంతకు మించితే షుగర్ వ్యాధే. రెండు మూడు వారాల సగటు కావాలంటే ఫ్రక్టోజమిన్ పరీక్ష ఉంది. రక్తంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ బాగా తక్కువున్నవారికి అదీ తప్పు చెబుతుంది.

దాంతోపాటే కణాలు పగులుతున్నాయా, ఎందుకు అన్నది తేల్చే రక్తపరీక్షలు చేయించండి: సీబీపీ (రక్తకణాల లెక్క), రెటిక్యులోసైట్ కౌంట్ (లేత ఎర్రకణాల లెక్క), ఎల్‌డీహెచ్ (కణాలు పగిలితే పెరిగే ఎంజైమ్), పెరిఫెరల్ స్మియర్ (మైక్రోస్కోపు కింద కణాల ఆకారం), కూంబ్స్ (ఎర్రకణాలపై దాడిచేసే యాంటీబాడీలు), హిమోగ్లోబిన్ హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలు). పచ్చదనం కాలేయం వల్లా రావచ్చు కాబట్టి ఎల్‌ఎఫ్‌టీ (కాలేయ పరీక్ష) కూడా అవసరం. కణాలు పగిలితే పెరిగేది ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ కాబట్టి అందులో దాన్ని విడిగా చూడాలి. ఎర్రకణాన్ని కాపాడే ఎంజైమ్ జీ6పీడీ. దాని పరీక్ష కణాలు పగులుతున్న సమయంలో చేస్తే లోపమున్నా నార్మల్‌గా రావచ్చు. అప్పుడు మిగిలేవి ఎంజైమ్ బాగా ఉన్న లేత కణాలే మరి. మూడు నెలలాగి మళ్లీ చేయించాలి.

హిమోగ్లోబిన్ తగ్గిందని, ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్ పరీక్ష చూడకుండా ఐరన్ మాత్రలు మొదలుపెట్టొద్దు. పగిలిన కణాల ఇనుము చాలావరకు ఒంట్లోనే ఉంటుంది. మూత్రం కోలా రంగులో వచ్చినా, నడిస్తే ఆయాసం వచ్చినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.