మోకాలి నొప్పితో సైకిల్: సీటు సరిచేసే ముందు ఆ మాత్ర ఆపండి

ప్రశ్న: నా వయసు 46. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. వారంలో నాలుగు రోజులు ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న ట్రాక్‌పై 40 కిలోమీటర్ల దాకా సైకిల్ తొక్కుతాను. మూడు నెలలుగా కుడి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి వస్తోంది. స్నేహితుడి సలహాతో బయల్దేరే ముందు ఎసిక్లోఫెనాక్ మాత్ర వేసుకుంటే హాయిగా తొక్కగలుగుతున్నాను. సీటు ఎత్తు పెంచాలా, తగ్గించాలా?
– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: సీటు సంగతి చెబుతాను కానీ, మీ ఉత్తరంలో నాకు ఆందోళన కలిగించింది ఆ నొప్పి మాత్ర. శరీరంలో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు రక్తసరఫరా పడిపోకుండా కాపాడే సహజ రసాయనాలను ఈ రకం మాత్రలు అడ్డుకుంటాయి. మీ బీపీ మాత్రలోని ఒక మందు మూత్రం ద్వారా ఉప్పును, నీటిని బయటకు పంపుతుంది, రెండోది కిడ్నీ వడపోత ఒత్తిడిని తగ్గిస్తుంది. వీటికి నొప్పి మాత్ర, గంటన్నర సేపు కారిన చెమట తోడైతే కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆ ట్రాక్‌పై సోలార్ పలకల నీడ ఉండటం వల్ల ఎంత చెమట పోయిందో చాలామంది గమనించరు. పైగా ఈ మాత్రలు బీపీని పెంచుతాయి, కడుపులో పుండ్లకూ దారితీస్తాయి. కాబట్టి ఎసిక్లోఫెనాక్ ఆపేయండి. బీపీ మాత్రను మాత్రం సొంతంగా ఆపవద్దు. ఈ వారంలోనే బీపీ చూపించుకుని, సీరం క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించుకుని మీ వైద్యుడిని కలవండి. మరొకరికి పడిన మందు మీకూ పడుతుందనుకోవడం, అదీ బీపీ ఉన్న మనిషి అలా అనుకోవడం సరికాదు.

ఇక సీటు. చిప్ప చుట్టూ, అంటే మోకాలి ముందు వైపు నొప్పికి సీటు మరీ కిందికి ఉండటం తరచూ కనిపించే కారణం. మోకాలు ఎక్కువగా ముడుచుకున్న స్థితిలో బలంగా తొక్కితే చిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది. సీటు మరీ ముందుకు జరిగి ఉన్నా ఇదే ఇబ్బంది రావచ్చు. గోడను పట్టుకుని సైకిల్ మీద కూర్చుని, పెడల్‌ను అట్టడుగుకు తెచ్చి దానిపై మడమ పెట్టండి. తుంటి పక్కకు ఒరగకుండానే కాలు నిటారుగా చాచుకోవాలి. తర్వాత మామూలుగా తొక్కే తీరులో పాదం ముందు భాగం పెడితే మోకాలు కొద్దిగా, సుమారు 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉంటుంది. అంతకన్నా ఎక్కువ వంగితే సీటును ఒకేసారి కాకుండా నాలుగైదు మిల్లీమీటర్ల చొప్పున పెంచుతూ, ప్రతిసారీ కొద్దిరోజులు తొక్కి చూడండి. మరీ ఎత్తు చేస్తే మోకాలి వెనక నొప్పి మొదలవుతుంది.

ఏ గేరులో తొక్కుతారో మీరు రాయలేదు. బరువైన గేరులో నెమ్మదిగా తొక్కే అలవాటుంటే మానుకోండి. తేలిక గేరులో, నిమిషానికి 80 చుట్లకు తగ్గకుండా తొక్కడం మోకాలికి మేలు. రెండు మూడు వారాలు దూరాన్ని సగానికి తగ్గించి, ఎత్తుపల్లాలు లేని చోటే తొక్కండి.

అయితే సీటు రెండు కాళ్లకూ ఒకటే కదా, నొప్పి కుడివైపే ఎందుకు? పెడల్‌కు బిగుసుకునే బూట్లు వాడుతుంటే కుడి బూటు అడుగున పెడల్‌ను పట్టుకునే బిళ్ల (క్లీట్) వంకరగా ఉండవచ్చు. కాళ్ల పొడవులో తేడా, తుంటి కండరాల బలహీనత, పాత దెబ్బ, చిప్ప వెనక మృదులాస్థి అరుగుదల కూడా కారణాలు కావచ్చు. ఇవి ఉత్తరం చదివి తేల్చగలిగేవి కావు. మూడు నెలల నొప్పిని మాత్రతో అణచి తొక్కుతున్నారు కాబట్టి, సీటు సర్దుకున్నాక తగ్గినట్లు అనిపించినా ఒకసారి ఆర్థోపెడిక్ వైద్యుడికి చూపించుకోండి. వాపు, మోకాలు బిగుసుకుపోవడం, నడుస్తుంటే కాలు పట్టు తప్పడం, రాత్రి నొప్పి, వేడితో కూడిన ఎరుపు లేదా జ్వరం ఉంటే వెంటనే వెళ్లాలి. పిక్క వాచి నొప్పిగా ఉన్నా ఆలస్యం చేయవద్దు. వెళ్లేటప్పుడు మీరు వాడే మందులన్నీ, సైకిల్ తొక్కే బూట్లు, పక్క నుంచి తీసిన వీడియో వెంట తీసుకెళ్లండి.