నెలల తరబడి స్పేస్‌లో ఉండేవాళ్లకి విటమిన్, క్యాల్షియం మాత్రలు ఇస్తే సరిపోదా?

సరిపోదండి. నాకు ఇది నా కాలు విరిగినాక బాగా అర్థమైంది. మాది అనంతపురం, మూడేండ్ల కింద ధర్మవరం రోడ్డులో బండి మీద నుంచి పడి తొడ ఎముక విరిగింది, రాడ్ వేసినారు, మూడు నెలలు మంచం మీదే. వారానికొక 60,000 యూనిట్ల డి3 సాషే పాలల్లో కలుపుకొని తాగినా, రోజూ క్యాల్షియం మాత్ర, మా అమ్మ రాగి సంగటి సరేసరి, అయినా ఆ కాలు రెండో కాలు పక్కన పెట్టి చూస్తే కండంతా కరిగి పుల్ల మాదిరి అయిపోయింది. డాక్టర్ చెప్పినాడు, మాత్రలంటే ఇటుకలు తెచ్చి పోసినట్టు, కాలి మీద బరువు పడితేనే ఎముకకి కట్టుకోవాలని తెలుస్తాది అని.

స్పేస్‌లో ఆ బరువే ఉండదు కదా. అందుకే అక్కడ ఒంటికి ఏమవుతాదో చూసేదానికి భూమ్మీదే మనుషుల్ని తల కిందికి 6 డిగ్రీలు వాల్చిన మంచంలో వారాల తరబడి పడుకోబెట్టి పరీక్షిస్తారు, అంటే దాదాపు నా పరిస్థితే. స్పేస్‌లో సరైన కసరత్తు లేకుంటే తుంటి ఎముక సాంద్రత నెలకి 1 నుంచి 1.5 శాతం దాకా తగ్గుతాది, కరిగిన క్యాల్షియం మూత్రంలో పోతాది, కిడ్నీలో రాళ్ల భయం అందుకే. ఇంక పైనుంచి క్యాల్షియం ఎక్కువ మింగిస్తే ఏం లాభం?

విటమిన్ డి మాత్రం ఇవ్వాల్సిందే, ఎందుకంటే స్పేస్ స్టేషన్‌లో ఎండ ఒంటికి తగలదు (మా ఊర్లో ఎండకి కొదవ లేదు, అయినా గదిలో పడుకున్న నాకూ డి తక్కువే వచ్చింది). 1973-74లో అమెరికా పాత స్పేస్ స్టేషన్ స్కైలాబ్‌లో 84 రోజులున్నవాళ్లకి రోజుకి 400 యూనిట్లు ఇచ్చినా ఒంట్లో డి తగ్గింది, ఇప్పటి స్పేస్ స్టేషన్‌కి వచ్చేసరికి 800 చేసినారు. 2008లో భారీ బరువులెత్తినట్టు కసరత్తు చేసే మిషన్ పెట్టినాక, దాంతో కసరత్తు చేసి, కడుపునిండా తిని, డి సరిపడా ఉన్నవాళ్లకి ఎముక సాంద్రత చాలావరకు నిలబడింది.

ఐరన్ సంగతి ఇంకో మాదిరి. మా అత్త బలానికని ఐరన్ మాత్రలు తెస్తే డాక్టర్ రక్తపరీక్ష చూసి వద్దనె. స్పేస్‌కి పోయినవాళ్లకి మొదట్లోనే ఎర్రరక్తకణాలు తగ్గి వాటిలోని ఐరన్ ఒంట్లోనే నిల్వ పడతాది, పైగా ఇస్తే చెరుపే.

మాత్రల అవసరం నిజంగా పెరిగేది మార్స్ ప్రయాణంలో. పోయి రావడానికి దగ్గర దగ్గర మూడేండ్లు, అన్నాళ్లు నిల్వ ఉన్న తిండిలో సి, బి1 విటమిన్లు తగ్గిపోతాయి, కానీ మాత్రల్లో విటమిన్ కూడా నిల్వలో తగ్గేదే, అందుకే 2014 నుంచి స్టేషన్‌లోనే ఆకుకూరలు పెంచి చూస్తాండారు.