పాత మారుతికి కొత్త స్టీరియో: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి, సికింద్రాబాద్ నుంచి మామ ఆశీస్సులు.

బావగారి 1997 నాటి మారుతి 800లో క్యాసెట్ ప్లేయర్ మూగబోయిందనీ, దాని స్థానంలో బ్లూటూత్ ఉన్న కొత్త సెట్టును వచ్చే ఆదివారం నువ్వే స్వయంగా బిగించబోతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. రాణీగంజ్‌లో చాలా ఏళ్లు బండ్ల వైరింగు పని చేసినవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను. ఏ కంపెనీ సెట్టు కొన్నావన్నది నాకు రెండో ప్రశ్న. ఇన్నేళ్లలో ఆ డ్యాష్‌బోర్డు వెనక ఎవరెవరు చేతులు పెట్టారు, ఏ తీగను ఎక్కడ కోసి ఎక్కడ కలిపారు అన్నది మొదటి ప్రశ్న.

ఎందుకింత గట్టిగా అంటున్నానంటే, 1994లో నా సొంత ప్రీమియర్ పద్మినికి సెట్టు పెట్టించుకున్నాను. పని రాక కాదు, తీరిక లేక ఒక కారు డెకార్ దుకాణంలో బండిని వదిలిపెట్టాను. అక్కడి కుర్రవాడు ఫ్యూజు లేకుండా నేరుగా కరెంటు తీసుకుని, తీగలను మెలిపెట్టి, పైన నల్లటేపు చుట్టి ఇచ్చాడు. మే నెల ఎండకు టేపు జిగురు కరిగి, మెలిక జారి, ఇనుప పట్టీకి ఆనుకుంది. ట్యాంక్ బండ్ మీద పోతుండగా రేడియో కింది నుంచి పొగ వచ్చింది. బానెట్ ఎత్తి బ్యాటరీ టెర్మినల్‌ను చేత్తోనే పీకి పారేశాను; అది అంత సులువుగా రావడానికి కారణం నేను దాన్ని సరిగా బిగించకపోవడమే. ఎలక్ట్రీషియన్ బండి అలాగే ఉంటుందని మీ అత్తయ్య ఇప్పటికీ ఎత్తిపొడుస్తూనే ఉంటుంది.

ఇక కొనుగోలు సంగతి. నీ బండిలో ఉన్నది సింగిల్ డిన్ (కారు స్టీరియోలకు ఉండే ఒక స్థిరమైన కొలత) ఖాళీ, అంటే 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. ఇప్పుడు అందరూ మోజుపడే తెర ఉన్న సెట్లు 100 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి. డ్యాష్‌బోర్డు కోసి అమరుస్తానని దుకాణంవాడు చెబితే ఒప్పుకోవద్దు, ఎందుకంటే ఆ ప్లాస్టిక్ ఎండలకు పెళుసెక్కి ఉంటుంది, ఒకసారి కోశాక అటువంటిది మళ్లీ దొరకదు. సీడీ లేని సెట్టు తీసుకుంటే లోతు తక్కువగా ఉంటుంది కనుక వెనక తీగలకు చోటు మిగులుతుంది. సెట్టుతోపాటు బండి తీగలకు సరిపోయే కప్లర్, అంటే బండి తీగల కొసన ఉన్న ప్లగ్గులోకి నేరుగా దూరే జోడు, దొరుకుతుందేమో కోఠీ దగ్గరి గుజరాతీ గల్లీలో అడుగు. అది దొరికితే బండి అసలు తీగలను ఒక్కటి కూడా కోయనక్కరలేదు.

పని మొదలుపెట్టేటప్పుడు 10 నంబరు పానాతో బ్యాటరీ నెగటివ్‌నే ముందు విప్పు. పాజిటివ్ ముందు విప్పితే పానా కొస బాడీకి తగిలిన క్షణంలో నిప్పురవ్వలు లేస్తాయి. నెగటివ్ తీసేశాక ఎక్కడ తగిలినా భయం లేదు. పాత సెట్టును బయటికి లాగి, దాని తీగలన్నీ విడదీసి, కొసలు ఒకదానికొకటి తగలకుండా ఎడంగా ఉంచి, అప్పుడు బ్యాటరీని మళ్లీ కలిపి మల్టీమీటర్ (వోల్టులు, ఆంపియర్లు కొలిచే మీటర్) పట్టుకో. రంగులను నమ్మవద్దు, ఎందుకంటే ఆ రంగులు కంపెనీ వేసినవో, మధ్యలో ఎవరో చేతికందిన ముక్క అతికించారో నీకు తెలియదు. తాళం తీసేసినా సుమారు 12.6 వోల్టులు చూపించే తీగ కొత్త సెట్టు పసుపు తీగకు పోవాలి. తాళం మొదటి మెట్టు తిప్పినప్పుడు మాత్రమే వోల్టులు చూపించే తీగ ఎర్ర తీగకు పోవాలి. ఈ రెండూ తారుమారైతే సెట్టు పాడుతూనే ఉంటుంది గాని, తాళం తీసిన ప్రతిసారీ నువ్వు పెట్టుకున్న స్టేషన్లు, గడియారం చెరిగిపోతాయి. పరీక్ష అయ్యాక నెగటివ్‌ను మళ్లీ విప్పి, అప్పుడే తీగలు కలుపు. సోల్డరింగ్ చేసి (సీసంతో అతికి) పైన హీట్ ష్రింక్ ట్యూబు, అంటే వేడి తగిలితే ముడుచుకుని తీగను పట్టేసే గొట్టం, తొడుగు, లేదా మంచి క్రింపు (తీగలను నొక్కి పట్టే లోహపు తొడుగు) వెయ్యి. నల్లటేపును మాత్రం నమ్మకు. ఫ్యూజు ఎంత ఆంపియర్లదని సెట్టు కాగితంలో ఉంటే అంతదే వాడు. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఫ్యూజు చేసిన బండ్లను నేను లెక్కలేనన్ని చూశాను.

స్పీకర్ల దగ్గర ఇంకొంచెం ఓపిక కావాలి. పాత రోజుల్లో కొన్ని సెట్లకు స్పీకర్ నెగటివ్‌ను దగ్గర్లోని బాడీ ఇనుముకే తగిలించేవారు, తీగ ఆదా అని. కొత్త సెట్లలో ప్రతి స్పీకర్‌కూ రెండు తీగలూ విడిగా సెట్టు దాకా రావాలి. వాటిలో ఏ ఒక్కటి బాడీకి తగిలినా లోపలి యాంప్లిఫయర్ కాలిపోవచ్చు. అందుకని స్పీకర్ తీగకూ బాడీకీ మధ్య మీటర్ పెట్టి, ఎక్కడా కనెక్షన్ లేదని తేల్చుకో. ఆ తరువాత ఒక మామూలు పెన్సిల్ సెల్ తీసుకుని, సెట్టుకు కలపని ఆ తీగల కొసలను దానికి ఒక్క క్షణం తాకించు. వెనక ట్రేలో ఉన్న స్పీకర్ ‘టక్’ మంటుంది. మీ చెల్లెల్ని వెనక సీటులో కూర్చోబెట్టి, కోన్ (స్పీకర్ మధ్యలో కదిలే గరాటు) బయటికి ఉబికిందా, లోపలికి పోయిందా చూడమను. బయటికి ఉబికితే సెల్ పాజిటివ్‌కు తగిలిన తీగే స్పీకర్ పాజిటివ్. ఎడమా కుడీ రెండూ ఒకే దిక్కుకు ఉబకాలి, లేకపోతే సెట్టు ఎంత ఖరీదైనదైనా తబలా, మృదంగం దెబ్బ గాలిలో కలిసిపోయి, పాట పలచగా వినిపిస్తుంది. అదే సమయంలో కోన్ అంచును వేలితో మెల్లగా నొక్కి చూడు. రాలిపోతుంటే స్పీకర్లు కూడా మార్చక తప్పదు.

పెట్టె మీద రాసిన ‘50 వాట్లు × 4’ను చూసి మురిసిపోకు. 14.4 వోల్టులతో 4 ఓమ్‌ల స్పీకర్‌కు అటువంటి సెట్టు నిలకడగా ఇవ్వగలిగింది లెక్క ప్రకారమే దాదాపు 26 వాట్లు దాటదు, వాస్తవంలో అంతకన్నా తక్కువే. దాన్ని మించిన మోత కావాలంటే విడిగా యాంప్లిఫయర్ పెట్టాలి. ఈ చిన్న బండికి, దాని చిన్న బ్యాటరీకి అది నేను సిఫారసు చేయను.

సెట్టు ఎర్తు తీగను, అంటే కరెంటు బాడీ ద్వారా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే తీగను, దొరికిన స్క్రూకల్లా తగిలించకుండా, బాడీ మీద ఒక చోట రంగును గరుకు కాగితంతో మెరిసే ఇనుము కనబడే దాకా గీకి, రింగు టెర్మినల్ వేసి బిగించు. ఇంజను వేగం పెరిగేకొద్దీ స్పీకర్లలో ఈల కూడా పెరుగుతున్నదంటే అనుమానించాల్సింది మొదట ఈ ఎర్తునే, తరువాత ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే ఎర్తు పట్టీని. సెట్టులో మీడియం వేవ్ ఉంటే ఇంజను నడుస్తుండగా 738 కిలోహెర్ట్జ్‌లో ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రాన్ని పెట్టి విను. ఎఫ్‌ఎంలో వినబడని ఇంజను స్పార్క్ ప్లగ్గుల చిటపట అక్కడ దాగదు. 101.9 మెగాహెర్ట్జ్‌లో ఎఫ్‌ఎం రెయిన్‌బో కూడా గరగరమంటే సెట్టు కన్నా ముందు యాంటెనాను అనుమానించు. దాని తీగ మీది లోహపు పైతొడుగు బాడీకి సరిగా ఆనుతున్నదో లేదో చూడు.

అంతా అయ్యాక ఒక్క పరీక్ష మిగిలి ఉంటుంది. తాళం తీసి, తలుపులు మూసి, బ్యాటరీ నెగటివ్‌కూ దాని టెర్మినల్‌కూ మధ్య మీటర్‌ను, దాని ఎర్ర తీగను 10 ఆంపియర్ల సాకెట్‌లో గుచ్చి, పెట్టి, కొంచెంసేపు ఆగి చూడు. ఆ సమయంలో బండిని స్టార్టు చేస్తే మీటర్ పాడవుతుంది, జాగ్రత్త. 50 మిల్లీ ఆంపియర్లలోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. 300 ఉంటే మాత్రం 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ అయిదు రోజులు కూడా రాదు. బావగారు వారం పాటు ఊరెళ్లి వచ్చేసరికి బండిని తోయవలసి వస్తుంది, ఆ తిట్లు నీకే.

పాత క్యాసెట్ సెట్టును ఎర్రగడ్డ సంతకు పంపకు. దాని ముందు పలకను, వెనక ఇనుప పట్టీని, స్క్రూలను ఒక డబ్బాలో వేసి నాకు తెచ్చి ఇవ్వు. కొత్త సెట్టు వెనక భాగం వేలాడకుండా పట్టి ఉంచడానికి ఆ పట్టీ నీకే పనికివస్తుందేమో బిగించే ముందు ఒకసారి పెట్టి చూడు. తలుపు తెరిచి ఉంచి నీడలో పని చెయ్యి, మధ్యాహ్నంలోగా మొదటి తీగ దొరక్కపోతే నాకు ఫోను చెయ్యి, స్కూటర్ మీద వచ్చేస్తాను.

ఇట్లు,
మీ మామ