ఏసీ వేస్తే తుమ్ములు!

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మావారికి మిర్చి యార్డులో వ్యాపారం. కారు పొద్దస్తమానం అక్కడే ఉంటుంది. కొని ఆరేళ్లయింది. ఏసీ వేస్తే చాలు, పిల్లలకు తుమ్ములు. పైగా ఆరని బట్టల వాసన. ఫ్యాన్ నాలుగులో పెట్టినా గాలి అంతంతమాత్రమే. రెండేళ్లుగా ప్రతి వేసవికీ గ్యాస్ నింపిస్తున్నాం. ఏటా నింపించాల్సిందేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, గ్యాస్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఎడమ సీటు ఎదురుగా కాగితాలు పెట్టుకునే గ్లవ్ బాక్స్ తెరవండి. చాలా కార్లలో రెండు పక్కలా లోపలికి నొక్కితే అది కిందికి జారుతుంది. వెనక సన్నటి మూత, దాని లోపల మడతల కాగితంలాంటి ఏసీ ఫిల్టర్ ఉంటుంది. మీ కారులో దాన్ని ఇంతవరకూ ఎవరూ తీసి ఉండరని నా అనుమానం.

ఒకసారి యార్డు వ్యాపారి కారొకటి నా దగ్గరికి వచ్చింది. ఫిల్టర్ బయటికి లాగితే ఇటుక రంగులో ఉంది! మడతల్లో మిరప గింజలు, తొడిమలు, ఎండుటాకు ముక్కలు. మా కుర్రాడు నేను వద్దనేలోపే నేలకేసి దులిపాడు. ఆ తర్వాత పావుగంట షెడ్డులో పని సాగితే ఒట్టు. అందుకే చెబుతున్నా, దులపొద్దు, కడగొద్దు, కొత్తది వేయించండి. గ్యాస్‌కి పెట్టినదాంట్లో సగం కూడా కాదు. మామూలుగా ఏడాదికోసారి మారిస్తే చాలు. మీకు మాత్రం యార్డుకు సరుకు బాగా వచ్చే నెలలు దాటాక ఇంకోసారి తప్పదు. బిగించేటప్పుడు ఫిల్టర్ మీది బాణం గుర్తు గాలి వెళ్లే వైపే ఉందో లేదో చూసుకోమనండి. యార్డులో ఉన్నంతసేపూ లోపలి గాలే తిరిగే బటన్ నొక్కి ఉంచాలి.

ఇక వాసన. చల్లటి నీళ్లు పోసిన స్టీలు గ్లాసుకు చెమట పట్టినట్టే, డాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌కీ నీరు పడుతుంది. దాని మీద దుమ్ము చేరి బూజు పడుతుంది. సెంటు బుడ్డి పెడితే రెండు వాసనలూ కలిసి ఇంకా అన్యాయం. కాయిల్ శుభ్రం చేయించండి. ఇకమీదట ఇంటికి వస్తూ అరండల్‌పేట చేరగానే ఏసీ బటన్ ఆపి, ఫ్యాన్ మాత్రం తిరగనివ్వండి. కాయిల్ కాస్త ఆరుతుంది. కాళ్ల దగ్గర మ్యాట్ తడిసిందంటే నీళ్లు పోయే గొట్టం పూడుకుపోయినట్టు.

గ్యాస్ అంటారా? అదేమీ పెట్రోల్ కాదమ్మా, తిరిగేకొద్దీ అయిపోవడానికి. మూసిన పైపుల్లోనే తిరుగుతుంది. రెండేళ్లూ నిజంగానే తగ్గి ఉంటే ఎక్కడో లీకు ఉంది. అసలు తగ్గిందో లేదో చూడకుండానే నింపారేమోనని కూడా నాకు అనుమానమే. ఫిల్టర్ పూడుకుపోయినా చల్లగాలి రాదు కదా! ఈసారి ముందు లీకు పట్టుకోమనండి. బాగుచేశాక వ్యాక్యూమ్ పెట్టి, అంటే పైపుల్లోని గాలీ తేమా మిషన్‌తో లాగేసి, కంపెనీ చెప్పినన్ని గ్రాములు తూచి నింపాలి. ‘ఇంకొంచెం ఎక్కువే వేశానండీ’ అంటే సంతోషించకండి. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్‌కీ చేటు.

ప్రశ్న: హైదరాబాద్‌లో క్యాబ్ నడుపుతాను. వానొస్తే అద్దానికి లోపల ఆవిరి పడుతోంది. మైలేజీ పోతుందని ఏసీ వేయను, గుడ్డతో తుడుచుకుంటున్నా. వేరే దారి ఉందా?
– ఒక డ్రైవర్

జవాబు: తమ్ముడూ, ఒక చేత్తో తుడుస్తూ ఇంకో చేత్తో స్టీరింగా? ఏసీ వేసెయ్. అది గాలిలో తేమను లాగేస్తుంది. బయటి గాలి వచ్చేలా పెట్టి, గాలిని అద్దం మీదికి తిప్పు. కాసేపట్లో దారి కనపడుతుంది, అప్పుడు కావాలంటే ఆపుకో. ఆవిరి బయటివైపు పడితే మాత్రం అద్దం మరీ చల్లబడినట్టు. వైపర్ ఒకసారి తిప్పి, గాలిని అద్దం మీంచి మళ్లించి, చలి తగ్గించు.