గాల్‌బ్లాడర్ బయాప్సీలో వాస్క్యులైటిస్ వస్తే...

ప్రశ్న: రాళ్లున్నాయని మా అమ్మకు గాల్‌బ్లాడర్ తీసేశారు. బయాప్సీ రిపోర్టులో రాళ్లతో పాటు ‘నెక్రోటైజింగ్ వాస్క్యులైటిస్’ (రక్తనాళాల గోడలు వాచి, అక్కడక్కడా చచ్చిపోవడం) అని కూడా రాశారు. ఇది కిడ్నీలను, నరాలను పాడుచేస్తుందని చదివి టెన్షన్‌గా ఉంది, అమ్మ మాత్రం బాగానే తిరుగుతోంది. ఒక్క అవయవంలోనే ఆగిపోయే రకం కూడా ఉంటుందట. అమ్మది ఏ రకమో స్లైడు చూసి చెప్పేయలేరా?

జవాబు: చెప్పలేరండీ. రక్తనాళం ఎలా దెబ్బతిందో స్లైడు చెబుతుంది గానీ, మిగతా ఒంట్లో ఏం జరుగుతోందో దానికేం తెలుసు? ఒళ్లంతా పాకే పాలీఆర్టరైటిస్ నోడోసా అనే వాస్క్యులైటిస్‌లోనూ, గాల్‌బ్లాడర్‌లోనే ఆగిపోయే రకంలోనూ ధమని అచ్చం ఒకేలా కనిపించవచ్చు.

ఇంతకీ ఏం చూసి ఆ మాట రాస్తారంటే, ధమని గోడలోకి తెల్లకణాలు ఈ పొర నుంచి ఆ పొర దాకా చొరబడి ఉంటాయి, కండర పొర చచ్చిన చోట ముదురు గులాబీ రంగు ముద్ద కనిపిస్తుంది, దాన్నే ఫిబ్రినాయిడ్ నెక్రోసిస్ అంటాం. చుట్టూ చితికిపోయిన న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) కేంద్రకాలు నల్లటి పొడిలా చెదిరి ఉండొచ్చు. ధమని గోడలోని సాగే పొరను నల్లగా చూపించే ఎలాస్టిక్ స్టెయిన్ అనే రంగు వేస్తే, మామూలు ధమనిలో మెలికలు తిరుగుతూ గుండ్రంగా సాగే నల్లటి గీత ఇక్కడ మధ్యమధ్యలో తెగిపోయి ఉంటుంది. వాపు చల్లారి మచ్చ కట్టాక కూడా ఆ తెగిన గుర్తు పోదు, అందుకే నాకు ఆ స్టెయిన్ మీద గురి ఎక్కువ.

ఒక మెలిక ఉంది. రాళ్ల ఒరిపిడికి పుండు పడితే దాని అడుగున ఉన్న నాళాలు కూడా వాస్తాయి, అది అసలు వాస్క్యులైటిస్ కాదు. కాబట్టి పుండుకు దూరంగా ఉన్న ధమనుల్లోనూ ఇదే ఉందా అని పాథాలజిస్టును సూటిగా అడగండి.

ఉందంటే ఇలాంటి వాపు జబ్బులు చూసే రుమటాలజిస్టు దగ్గరికి వెళ్లండి. ఒంట్లో వాపును చెప్పే ఈఎస్ఆర్, సీఆర్‌పీ, కిడ్నీల కోసం క్రియాటినిన్, మూత్ర పరీక్ష, కొన్ని రకాల వాస్క్యులైటిస్‌లో కనిపించే యాంటీబాడీల కోసం ఆంకా, ఇంకా హెపటైటిస్ బి, సి చూస్తారు, అవసరమనుకుంటే పొట్టలోని రక్తనాళాలకు స్కాన్ తీయిస్తారు. అన్నీ సవ్యంగా ఉండి జ్వరం, బరువు తగ్గడం వంటివి లేకపోతే చాలామందికి ఆ అవయవం తీసేయడమే వైద్యం, స్టెరాయిడ్లు అక్కర్లేదు. ఇది మెదడు నాళాలకు వర్తించదు, అక్కడ ఒక్క అవయవమే అయినా గట్టి మందులు తప్పవు.

వాస్క్యులైటిస్ రకాలకు పేర్లు పెట్టిన 2012 నాటి చాపెల్ హిల్ వర్గీకరణలో ఒకే అవయవానికి పరిమితమైన వాస్క్యులైటిస్‌కు విడి విభాగమే ఉంది, అయితే తర్వాత ఇంకోచోట బయటపడితే పేరు మార్చాలనీ అందులోనే ఉంది. అందుకే ఇప్పుడు పరీక్షలు బాగున్నా కొన్ని నెలల పాటు డాక్టరు చెప్పినప్పుడల్లా చూపించుకోవాలి. ఈలోగా పాదం వాలిపోవడం, చర్మం మీద ఊదా మచ్చలు, తిన్నాక కడుపునొప్పి, కొత్తగా బీపీ పెరగడం వంటివి కనిపిస్తే ఆగకండి. ల్యాబులో ఉన్న పారఫిన్ బ్లాకును (గాల్‌బ్లాడర్ ముక్కను మైనంలో బిగించిన దిమ్మను) మాత్రం పారేయనివ్వకండి, ఇంకోచోట రెండో అభిప్రాయం కావాలంటే కొత్త కోతలు దాంట్లోంచే తీయాలి.