‘కూ’ వార్త రాసేటప్పుడు

చిరంజీవి శ్రావణికి, ఆశీస్సులు.

విదేశీ వార్తల్లో ‘కూ’ (coup, అంటే అధికారాన్ని బలవంతంగా చేజిక్కించుకోవడం) అని వచ్చిన ప్రతిసారీ ‘తిరుగుబాటు’ అని పెట్టేయవచ్చా అని అడిగావు. తొందరపడి పెట్టొద్దమ్మా. రంప తిరుగుబాటు అన్నా, 1857 సిపాయిల తిరుగుబాటు అన్నా కిందివాళ్లు పైవాళ్ల మీదికి లేచారని మన పాఠకుడికి తోస్తుంది. ‘కూ’ చేసేది మాత్రం చాలావరకు అధికారానికి దగ్గరగా ఉన్నవాళ్లే.

ఫ్రెంచిలో పూర్తి మాట ‘కూ దెతా’. కూ అంటే దెబ్బ, ఎతా అంటే రాజ్యం. 1639లో గాబ్రియెల్ నోదే అనే గ్రంథపాలకుడు దీని మీద ఏకంగా పుస్తకమే రాశాడు. ఆయన లెక్కలో దెబ్బ కొట్టేది ప్రభువే. రాజ్యం కోసమంటూ చట్టాన్ని పక్కనపెట్టి, ముందుగా ఎవరికీ పొక్కనీయకుండా చేసే పని అది. 1572లో పారిస్‌లో ప్రొటెస్టెంట్లను ఊచకోత కోయడాన్ని ఉదాహరణగా చూపించి, సమర్థించాడు కూడా. ఆ సమర్థన నాకు ఏనాడూ మింగుడుపడలేదు.

1799లో నెపోలియన్ సైనికుల అండతో గద్దెనెక్కాక, ఉన్న ప్రభుత్వాన్ని కూలదోయడమనే అర్థం బలపడింది. నువ్వు బాగా గుర్తుపెట్టుకోవాల్సింది 1851 డిసెంబర్ 2. నెపోలియన్ అన్న కొడుకో తమ్ముడి కొడుకో అని తడుముకోకు, తమ్ముడి కొడుకే, లూయీ నెపోలియన్. ఎన్నికైన అధ్యక్షుడు. వెంటనే రెండోసారి పోటీకి రాజ్యాంగం ఒప్పుకోదు. అందుకని రాత్రికి రాత్రి ప్రభుత్వ ముద్రణాలయంలో ప్రకటనలు అచ్చు వేయించాడు. అచ్చు అక్షరాలు పేర్చే ఏ కంపోజిటర్‌కూ మొత్తం విషయం తెలియకుండా రాతప్రతిని ముక్కలు చేసి పంచారు, చుట్టూ కాపలా పెట్టారు. తెల్లారేసరికి శాసనసభ రద్దయిందని పారిస్ గోడలు చెప్పాయి. ఏడాది తిరిగేసరికి ఆయనే చక్రవర్తి.

కాబట్టి మొదట చూడాల్సింది దెబ్బ కొట్టిందెవరని. 2023 జులైలో నైజర్‌లో అధ్యక్షుణ్ని నిర్బంధించింది ఆయన్ను కాపాడాల్సిన రక్షక దళమే. 1992లో పెరూలో అధ్యక్షుడు ఫుజిమోరి సైన్యం అండతో తానే పార్లమెంటును మూసేశాడు. ఈ రెండింటికీ ఒకే హెడ్డింగ్ పెడితే పాఠకుడికి అన్యాయం చేసినట్టే. మొదటిదానికి ‘సైన్యం చేతికి అధికారం’ అను. రెండోదానికి ‘పార్లమెంటును రద్దు చేసిన అధ్యక్షుడు’ అని, చేసినవాడి పేరుతో సహా రాయి. ఎడిషన్ టైం దగ్గరపడి ఎంత టెన్షన్‌గా ఉన్నా ‘ప్రభుత్వం కూలింది’ అని మాత్రం రాయకు. దానంతటది కూలలేదు, కూల్చారు.

పెదనాన్న